తాళి లేని గట్టిమేళం

పోయిన నెల భద్రాచలం నుంచి ఖమ్మం వస్తున్నాను. బస్సులో నా పక్క వరుసలో ఒక మనిషి నోరు మూసుకుని నిద్రపోతున్నాడు. ఇందులో వింతేముందని మీరు అడగొచ్చు. బస్సులో నోరు మూసుకుని నిద్రపోయే మగవాణ్ణి నేను ఎన్నడూ చూడలేదు గనక నాకు వింతే. గురక లేదు. ముక్కుపుటాలు రెండూ హాయిగా ఆడుతున్నాయి. ముక్కు కొన మాత్రం మిగతా మొహం కంటే ఒక ఛాయ వేరుగా ఉంది. దాని చుట్టూ దారం మందాన గీత, నుదుటి నడుమ నిలువుగా ఇంకో గీత. నేను గుర్తుపట్టాను. మనిషిని కాదు, ముక్కును.

ఊరుకోవచ్చు కదా! ఊరుకుంటే నేనెందుకవుతాను? సంచిలోంచి టిఫిన్ డబ్బా స్పూను తీసి, వంగి, అతని ముక్కు కింద పెట్టాను. స్టీలు మీద ఆవిరి రెండు మచ్చలుగా పట్టింది. రెండూ సమానం. అతను కళ్లు తెరిచాడు.

"ఏందమ్మా? ఏం తినిపిస్తున్నవ్?"

"ఏం లేదన్నా. నీ ముక్కు చేసిన రోజు నేను పక్కనే ఉన్న. సిస్టర్ని."

"అవ్... క్లిప్పుల సారు దగ్గర సిస్టరమ్మవా!" అని లేచి కూర్చున్నాడు. దుమ్ముగూడెం అవతల అడవి ఊరు అతనిది. ఇప్పపువ్వు ఏరబోతే ఎలుగుబంటి ఒక్క దెబ్బ కొట్టి ముక్కు కొన పట్టుకుపోయింది. చెవిలోని మృదులాస్థి, నుదుటి తోలు తెచ్చి మా డాక్టరు కొత్త కొన కట్టాడు. "అంత మంచిగుంది గని ఒక్కటే తిప్పలమ్మా. నుదుటి తోలు గదా, ముక్కు మీద వెంట్రుకలు మొలుస్తున్నయ్. గడ్డం గీసినప్పుడల్ల ముక్కు గూడ గీసుకుంట. నా మనవరాలు పడి పడి నవ్వుతది. సారు మంచిగున్నడా?"

"పోయిండన్నా. మూడు నెలలైంది."

అతను నెత్తి మీది తువ్వాల తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. చేత్తో ముక్కు కొన పట్టుకున్నాడు. డాక్టరు పోయిన రోజు నేను ఏడవలేదు. వచ్చిన వాళ్లకు మంచినీళ్లివ్వడం, కుర్చీలు వేయడం, అదే సరిపోయింది. ఆ బస్సులో మాత్రం ఏడుపు ఆగలేదు. కండక్టరు వచ్చి, "ఏమైందమ్మా, టికెట్ పోయిందా? పోతే పోయిందిలే, నీది పైసల్లేని జీరో టికెట్టే గదా" అని ఓదార్చాడు.

మా డాక్టరు పేరు రాయను. ఆయనకు ఎవరి పేరూ గుర్తుండేది కాదు గనక ఇది న్యాయమే. ఖమ్మంలో చెవి, ముక్కు, గొంతు డాక్టరు. ఒక సందులో రెండంతస్తుల దవాఖానా. అక్కడ ఆపరేషన్ థియేటర్ సిస్టర్‌గా పద్నాలుగేళ్లు చేశాను. ఆ పద్నాలుగేళ్లూ నన్ను "కుడివంకర సిస్టర్" అనే పిలిచాడు. నా ముక్కు నడిమి గోడ కుడివైపు వంగి ఉందట. జీతం కాగితం మీద కూడా ఒకసారి అలాగే రాశాడు. బ్యాంకువాళ్లు ఒప్పుకోలేదు. ఆయనకు అదే ఆశ్చర్యం. "ముక్కు చూస్తే తెల్వదా వాళ్లకు?" అన్నాడు.

ఊళ్లో ఆయనను క్లిప్పుల డాక్టరనడానికి కారణం వేరే ఉంది. ఎవరైనా వచ్చి, ఫోన్లో ఏదో బొమ్మ చూపించి, "సార్, ముక్కు కొన ఇట్ల సన్నగ చెయ్యాలె" అంటే ఈయన సొరుగు తీసేవాడు. అందులో బట్టలారేసే క్లిప్పులు ఉండేవి, ఎరుపు, పచ్చ, నీలం. ఒకటి తీసి ఇచ్చేవాడు.

"పెట్టుకో. గంట కూసో. మెట్లెక్కు, దిగు, చాయ్ తాగు, ఇంటికి ఫోన్ చేసి మాట్లాడు. గంట తర్వాత గూడ సన్నముక్కే కావాలంటే అప్పుడు చూద్దాం."

"ఎందుకు సార్?"

"ముక్కును అద్దంలో చూసుకునేది రోజుకు రెండు నిమిషాలు. మిగతా ఇరవై మూడు గంటల యాభై ఎనిమిది నిమిషాలు పీల్చుకునేదే. నేను ఆ రెండు నిమిషాల డాక్టర్ను గాదు."

అందువల్ల మా హాల్లో ఎప్పుడు చూసినా నలుగురైదుగురు ముక్కులకు క్లిప్పులు పెట్టుకుని, నోళ్లు తెరుచుకుని, గోడకేసి చూస్తూ కూర్చుని ఉండేవాళ్లు. కొత్తగా వచ్చినవాళ్లు హడలిపోయేవాళ్లు. ఒకాయన చెవిపోటుకని వచ్చాడు. తన వంతు వచ్చేదాకా గంటసేపు ఆయనా క్లిప్పు పెట్టుకునే కూర్చున్నాడు. "నీకెందుకయ్యా?" అంటే, "అందరు పెట్టుకున్నరు గదా, ఈడ రూల్ గావచ్చనుకున్న" అన్నాడు ముక్కుతో. నేను నవ్వాపుకోలేక స్టోర్‌రూమ్‌లోకి పారిపోయాను. డాక్టరు మాత్రం నవ్వలేదు. క్లిప్పు తీసి, స్టీలు స్పూను ముక్కు కింద పెట్టి చూసి, "చెవి తర్వాత చూద్దాం, నీకు ఎడమ పక్క గాలి తక్కువుంది" అన్నాడు.

ముక్కు కొనలో ఎముక ఉండదు. రెండు మెత్తని మృదులాస్థి రేకులు వంగి నిలబడితే దాన్నే మనం కొన అంటున్నాం. ఆ రేకుల్ని ఎక్కువ కోసేస్తే కొన అప్పటికప్పుడు సన్నబడుతుంది, ఫోటో బ్రహ్మాండంగా వస్తుంది. నాలుగైదేళ్లు పోయాక, గాలి పీల్చినప్పుడల్లా పక్కగోడలు తడిగుడ్డల్లా లోపలికి అతుక్కుంటాయి. అందుకే ఆయన చిన్న డాక్టర్లకు నేర్పేటప్పుడు పాఠమంతా రెండు మాటల్లోనే ఉండేది: "కోయకు, కుట్టు." రేకును తగ్గించొద్దు, దారంతో వంచుకో. బలం చాలని చోట ఒక సన్నటి మృదులాస్థి పలుకు ఆసరా పెట్టు. అంతే. ఆ వంచడం చెయ్యికి అలవాటు కావడానికి ఆదివారం ఆదివారం మేకచెవులు తెచ్చుకుని కుట్టేవాడు. మటన్ కొట్టువాడు ముందు చెవులు ఊరికే ఇచ్చాడు. తర్వాత, డాక్టరే తింటున్నాడంటే అందులో ఏదో మహత్తు ఉంటుందని ఊళ్లో పుకారు లేచి, మోకాళ్ల నొప్పులవాళ్లంతా మేకచెవులకు ఎగబడ్డారు. మాకు దొరక్కుండా పోయాయి.

ఇంత చాదస్తం ఎందుకని ఒకసారి విసుక్కున్నాను. చేతులు కడుక్కుంటూ, వెనక్కి తిరక్కుండా చెప్పాడు. వయసులో ఉన్నప్పుడు ఒక ఆడపిల్లకు కొన ఎంత చక్కగా చెక్కాడంటే, ఆ ఫోటో హాల్లో కట్టించి పెట్టుకున్నాడట. నాలుగేళ్లకు ఆ పిల్ల వచ్చి ఫోటో కిందనే నిలబడి, "సార్, నోరు మూస్కుంటే ఊపిరాడత లేదు" అన్నదట. "ఆ పొద్దే ఫోటో తీసేసిన. పిల్ల ముక్కును మళ్ల రెండుసార్లు జేసిన. సగమే బాగైంది" అన్నాడు. నీళ్లు అలా పోతూనే ఉన్నాయి, నేనే కుళాయి కట్టాను. ఆ మాట మళ్లీ ఆయన ఎత్తలేదు, నేనూ అడగలేదు.

ఇక సన్నాయి భాయ్ సంగతి.

ఖమ్మంలో మూడు తరాలుగా సన్నాయి వాయించే ముస్లిం కుటుంబం ఆయనది. చుట్టుపక్కల పెళ్లిళ్లలో వాళ్ల సన్నాయి వినబడితేనే తాళి కట్టినట్టు లెక్క. సన్నాయి వాయించేవాడు బుగ్గల్లో గాలి దాచుకుని ఊదుతూనే ముక్కుతో కొత్త గాలి లాక్కోవాలి. అలా లాక్కుంటేనే పాట తెగదు. వయసు మీదపడి ఈయన ముక్కు కొన చిలకముక్కులా కిందికి దిగిపోయింది. గట్టిగా లాగితే గాలి రావడం లేదు. ఎర్రుపాలెంలో ఒక పెళ్లిలో సరిగ్గా గట్టిమేళం నడుమ సన్నాయి ఆగిపోయింది. పెళ్లికొడుకు తాళి గాల్లో పట్టుకుని బిక్కమొహం వేశాడు. పెళ్లికూతురు మేనమామ అపశకునమని అరిచాడు. మొగపెళ్లివాళ్లు నువ్వెవడివన్నారు. ఆ తాళి పడేసరికి ముహూర్తం దాటిపోయింది.

ఆ కబురు కుసుమంచిలోని ఒక ఫంక్షన్ హాల్ మేనేజరు దాకా పోయింది. భాయ్‌కి పెళ్లిళ్లన్నీ దాదాపు ఆ హాల్లోనే. మేనేజరు కచ్చితంగా చెప్పేశాడు: "ఇంకొక్కసారి ఆగిందంటే నేను పెన్‌డ్రైవ్ పెట్టుకుంట. దానికి ఊపిరి గొడవ లేదు."

భాయ్ మా డాక్టరు ముందు కూర్చుని ఇదంతా చెప్పాడు. "సారూ, నాకు అందం గిందం వద్దు. పెన్‌డ్రైవ్‌ను ఓడగొట్టే ముక్కు గావాలె. లేకుంటే మా అబ్బాజాన్ సన్నాయి నాతోటే బంద్ అయితది."

డాక్టరు మొహం వెలిగిపోయింది. అందం వద్దు, ఊపిరి చాలన్న మనిషి జన్మలో మొదటిసారి దొరికాడు. అయితే భాయ్ భార్య పక్కనే ఉంది. "ఎట్లైనా ముక్కు ఇప్పుతున్నరు గదా సారూ, జర కోటేరేసినట్టు చెయ్యుండ్రి. బిడ్డ నిఖా దగ్గరకొచ్చింది, ఫోటోలు దిగాలె" అన్నది. డాక్టరు అలవాటు ప్రకారం సొరుగు తీసి ఆమెకే క్లిప్పు ఇచ్చాడు. ఆమె ముక్కుకు పెట్టుకుని, హాల్లో కూర్చుని, మెట్లెక్కి దిగి, చాయ్ తాగి, పక్కావిడతో కోడలి కథంతా చెప్పి, గంట కాగానే లోపలికొచ్చి, "మంచిగనే ఉంది సారూ. ఏం గాలేదు నాకు" అన్నది. పద్నాలుగేళ్లలో ఆయనను ఓడించింది ఆమె ఒక్కతే. "సరే తల్లీ, చూస్తా" అన్నాడు, నేల చూపులు చూస్తూ.

ఆపరేషన్ రోజు పొద్దున ఆయన నా చేతికి సన్నాయి ఇచ్చాడు.

"దీన్ని శుభ్రం చెయ్యి సిస్టర్. టేబుల్ మీదనే వాయిస్తడు."

"టేబుల్ మీదనా? మతి ఉండే మాట్లాడుతున్నరా సార్?"

"పండుకోబెట్టి మత్తిస్తే ముక్కు ఎట్ల పనిచేస్తదో నాకేం దెలుస్తది? కొన దగ్గరికే మత్తు సూది ఇస్త. వాయిస్తుంటే చూస్త."

ఏ పుస్తకంలోనూ లేని పని. మత్తు డాక్టరు తన బాధ్యత లేదని కాగితం రాసుకున్నాడు. నేను తిట్టుకుంటూనే, నోట్లో పెట్టుకుని ఊదే పీకను మందునీళ్లలో నానబెట్టి, కడిగి, సన్నాయికి స్టెరైల్ గుడ్డ చుట్టాను. పీక రుచి మారిపోయిందని భాయ్ అలిగాడు. మత్తు కాస్త పైపెదవికి దిగింది. మొదటిసారి ఊదితే దూడ అరిచినట్టు వచ్చింది. అరగంట ఆగాం.

డాక్టరు కొన ఎత్తి నిలబెట్టాడు. నడిమి గోడకు ఆనించి కుట్టాడు. ఆ తర్వాత, భాయ్ భార్యకిచ్చిన మాట కోసం, రెండు రేకుల్నీ దగ్గరికి లాగి ఇంకో కుట్టు వేశాడు. ఎంత ముద్దొచ్చిందో ఆ కొన! నిజంగానే కోటేరేసినట్టు ఉంది. "ఇప్పుడు వాయించు భాయ్. గట్టిమేళం. ఆగింది గక్కడనే గదా."

"తప్పు సారూ. తాళి లేకుండ గట్టిమేళం వాయించొద్దు. మా అబ్బాజాన్ నేర్పిన మొదటి మాట గదే."

"ఇది థియేటర్ భాయ్. ఇక్కడెవరున్నరు?"

"పైనున్నోడు సూస్తడు. కావాలంటే ఆలాపన వాయిస్త."

ఎంత బతిమాలినా వినలేదు. ఆలాపన ఎత్తుకున్నాడు. నిదానంగా, తీయగా, పచ్చగుడ్డల కిందినుంచి సన్నాయి. ముక్కుపుటాలు చక్కగా ఆడుతున్నాయి. మూడు నిమిషాలు తెగలేదు. డాక్టరు సంతోషించి, ఇక మూసేద్దామని, చివరి దారం కోసం నా వైపు ఒక వేలెత్తాడు. దారం అడగడానికి అది ఆయన అలవాటు.

గుడ్డల సందులోంచి భాయ్‌కి కనిపించేది ఆ వేలొక్కటే. ముప్పై ఏళ్లుగా పంతులు వేలెత్తితే ఆయన ఏం చేస్తాడో అదే చేశాడు. గట్టిమేళం!

థియేటర్ అదిరిపోయింది. బయట హాల్లో తోడొచ్చిన డోలాయన కూర్చుని ఉన్నాడు. సన్నాయి గట్టిమేళం ఎత్తుకుంటే డోలు ఊరుకుంటుందా? ఆయనా అందుకున్నాడు. క్లిప్పులు పెట్టుకున్నవాళ్లంతా లేచి నిలబడ్డారట. చెవిలో గుబిలి తీయించుకోవడానికొచ్చిన ముసలమ్మ రిసెప్షన్ పిల్లను, "పెళ్లెవరిదే బిడ్డా? బువ్వలు పైననా, కిందనా?" అని అడిగిందట.

లోపల మాత్రం ఎవరూ నవ్వలేదు. గట్టిమేళంలో గాలి ఎంత బలంగా లాగుతారో అప్పుడు చూశాం. ముద్దొచ్చే ఆ కొన పక్కన ఎడమ గోడ చటుక్కున లోపలికి అతుక్కుపోయింది. సన్నాయి కీచుమని ఆగిపోయింది. బయట డోలు రెండు దెబ్బలు ఒంటరిగా వేసి ఊరుకుంది. భాయ్ కళ్లలోంచి నీళ్లు చెంపల మీదికి జారి చెవుల్లోకి పోతున్నాయి.

"ఆగింది గదా సారూ," అన్నాడు.

"ఆగింది. ఈడ ఆగడమే మంచిదైంది భాయ్," అన్నాడు డాక్టరు.

కత్తెర తీసుకుని అందమైన కుట్టును కత్తిరించేశాడు. నడిమి గోడలోంచి గోరంత పలుకు తీసి ఎడమ గోడ కింద ఆసరా పెట్టాడు, కుడికీ పెట్టాడు. కొన మళ్లీ బొద్దుగా అయిపోయింది. "ఇప్పుడు మళ్ల గట్టిమేళం" అన్నాడు.

"వాయించ సారూ. ఇందాకటిది పొరపాటు. తెల్సి తప్పు చెయ్య."

"అరె భాయ్, చూడకపోతే నాకెట్ల తెలుస్తది?"

"తాళి కట్టేటప్పుడు తెలుస్తది."

మొండివాళ్లు ఇద్దరూ. చివరికి చూడకుండానే ముక్కు మూశాం. పట్టీలు విప్పిన రోజు భార్య చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"యా అల్లా! ఇంత పెద్ద ఆపరేషన్ జేసి ఆలుగడ్డ వెట్టినరేంది సారూ?"

"ఉబ్బు దిగుతదమ్మా."

"దిగినంక?"

"చిన్న ఆలుగడ్డ."

రెండు నెలలు భాయ్ సన్నాయి ముట్టలేదు. డాక్టరే వద్దన్నాడు. ఆ రెండు నెలలూ డాక్టరు తిండి సరిగ్గా తినలేదు. రోగుల ముక్కుల్లోకి చూస్తూ చూస్తూ, "గోడ నిలబడుతదంటవా కుడివంకరా?" అని నన్నే అడిగేవాడు. నాకేం తెలుసు? "నిలబడుతది సార్" అనేదాన్ని. ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేసి, "పట్టుచీర ఉన్నదా? కట్టుకొని జల్దీ రా. కుసుమంచిల పెళ్లి" అన్నాడు.

"ఎవరి పెళ్లి సార్?"

"నాకేం దెల్సు? సన్నాయి మన భాయ్‌ది."

పిలవని పెళ్లికి పోయాం. గుమ్మంలో ఆడపెళ్లివాళ్లు మేం మొగపెళ్లివాళ్లమనుకున్నారు, మొగపెళ్లివాళ్లు ఆడపెళ్లివాళ్లమనుకున్నారు. ఇద్దరూ పన్నీరు చల్లారు. మండపం పక్కన భాయ్, డోలాయన కూర్చున్నారు. వాళ్ల వెనకే మేనేజరు పాటల పెట్టెకు పెన్‌డ్రైవ్ గుచ్చి, మీట మీద వేలు పెట్టి సిద్ధంగా నిలబడ్డాడు. అది చూసి నాకు ఒళ్లు మండిపోయింది. భాయ్ మా వైపు చూసి తల వంచాడు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి, నాలుకతో తడుపుకుంటున్నాడు.

పంతులు "గట్టిమేళం, గట్టిమేళం" అని కేకేశాడు. జనమంతా ఒక్కసారి లేచారు. మాకేమీ కనబడలేదు. డాక్టరు ప్లాస్టిక్ కుర్చీ ఎక్కేశాడు, అరవై దాటిన మనిషి. నేను ఒక చేత్తో కుర్చీ వీపు పట్టుకుని, మునివేళ్ల మీద నిక్కి జనం సందులోంచి చూశాను. సన్నాయి లేచింది. గాలి లాగాల్సిన చోటు వచ్చేసరికి డాక్టరు వేళ్లు నా భుజంలోకి దిగిపోయాయి. పైకి చూస్తే ఆయన నోరు తెరిచి, ఊపిరి బిగబట్టి, నీలంగా అయిపోతున్నాడు. భాయ్ బుగ్గలు ఉబ్బాయి, ముక్కు గోడలు రెండూ నిలబడ్డాయి, గాలి పోయింది. సన్నాయి తెగలేదు. మళ్లీ లాగాడు. తెగలేదు. తాళికి మూడో ముడి పడేదాకా, ఆ తర్వాత కూడా, మోగుతూనే ఉంది. మేనేజరు మీట మీంచి వేలు తీసేసి చప్పట్లు కొట్టడం నేను చూశాను.

అక్షింతలు లేచాయి. మూడువందల మందీ పెళ్లికొడుకు, పెళ్లికూతుళ్ల నెత్తిన వేస్తున్నారు. ఎవరో మా ఇద్దరి చేతుల్లోనూ పిడికెడు పిడికెడు పోసిపోయారు. డాక్టరు కుర్చీ మీద నిలబడే, గురి చూసి, తన పిడికెడూ సన్నాయి భాయ్ మీద విసిరాడు. అవి ముక్కు మీద, బుగ్గల మీద, సన్నాయి మీద పడ్డాయి. ఒక పసుపు గింజ బొద్దుకొన మీద అతుక్కుంది. భాయ్ తుడుచుకోలేదు, వాయిస్తూనే ఉన్నాడు.

పెళ్లికూతురు తరపు పెద్దాయన ఒకరు డాక్టరు కాలు తట్టి, "సారూ, సారూ, పెళ్లికొడుకు గీ పక్క ఉన్నడు" అన్నాడు.

డాక్టరు వినిపించుకోలేదు. చూపు భాయ్ ముక్కు మీంచి తిప్పకుండానే కుడిచెయ్యి నా ముందుకు చాపాడు. నా గుప్పిట్లో ఉన్న అక్షింతలు కూడా ఆయన చేతిలో పోశాను.